తడి చెయ్యి, చిక్కుడు పాదు

కనకలక్ష్మికి మరకల మీద ఉన్న నమ్మకం మనుషుల మీద లేదు. మనుషులు అబద్ధం చెబుతారు, మరక చెప్పదు అంటుంది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఆమె పనిచేసే లాండ్రీలో ఉతుక్కి వచ్చిన ప్రతి బట్టా ముందు ఆమె బల్ల మీదికి రావాలి. "టీ ఒలికిందండీ" అని ఇచ్చిన చొక్కా మీద ఉన్నది టీ కాదనీ, కిళ్ళీ ఉమ్మనీ ఆమె వెలుతురుకి ఎత్తిపట్టి చెప్పేస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆమె నేర్పే మొదటి పాఠం ఒకటే. మరక పేరు తెలిసేదాకా మందు సీసా మూత తియ్యకూడదు. నెత్తురు మీద వేడినీళ్ళు పోస్తే ఆ మరక జన్మలో వదలదు. పసుపు మీద సబ్బు రాస్తే ఎర్రబడుతుంది. తుప్పు మీద బ్లీచింగ్ పోస్తే మరక అలాగే ఉండి బట్ట పోతుంది.

ఇన్ని తెలిసిన మనిషి, తన సొంత చిక్కుడు పాదుకి జబ్బు చేసినప్పుడు ఏం చేసిందయ్యా అంటే, దిష్టి తీసింది.

నవ్వడానికేముంది, ఎవరైనా నవ్వుతారు. కాని ఆ పాదు సంగతి తెలిస్తే నవ్వు సగంలో ఆగుతుంది. కనకలక్ష్మి బొబ్బిలి దగ్గరి పల్లెటూరి పిల్ల. రైల్వేలో పెట్టెలు బాగుచేసే వరహాలబాబుని పెళ్ళాడి సికింద్రాబాదు వచ్చింది. మెట్టుగూడలో అద్దె మేడ, మేడ మీద డాబా. వచ్చిన ఏడాదే వాళ్ళమ్మ ఇచ్చిన చిక్కుడు గింజలు ఓ పాత డ్రమ్ములో నాటింది. వెడల్పాటి కాయ, అంచున వంకాయ రంగు గీత. ఉడికితే పీచు ఉండదు, గింజ వెన్నలా నలుగుతుంది. అమ్మ పోయాక తమ్ముడు ఆ పెరడు చదును చేసి షెడ్డు వేసేశాడు. ఊళ్ళో విత్తనం అడిగితే, ఇప్పుడెవరు దాస్తున్నారే, బజారులో పేకెట్లు దొరుకుతుంటే అన్నారు. కిందటేడు దాచిన డబ్బాలో పురుగు పడింది. మంచి గింజలన్నీ ఏరి నాటితే రెండే రెండు మొలకలు నిలిచాయి. అవి పెనవేసుకుని ఒకటే పాదై పందిరెక్కాయి. ఆ పాదు ఈ చలికాలం దాటి గింజ పట్టకపోతే అమ్మ చిక్కుడు అనేది ఇక ఎక్కడా ఉండదు.

గింజతో పాటు అమ్మ ఒక కట్టడి కూడా ఇచ్చింది. చిక్కుడు సూర్యుడి పాదు, ఎంగిలి చేత్తో, మైల చేత్తో ముట్టుకోకూడదు. తెల్లవారుజామున తలారా స్నానం చేసి, ఒంటి మీద తడి ఆరకముందే కాయ కోసుకోవాలి. తడి ఉన్నంతసేపే మనిషి శుభ్రం అనేది అమ్మ. కనకలక్ష్మి ఆ మాట ఏనాడూ దాటలేదు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా నీళ్ళు కారే చీరతో డాబా ఎక్కి, కాయ కోసుకుని, దిగి వచ్చాకే పొడి చీర కట్టుకునేది.

ఇంటి ఓనరు లచ్చమ్మ కింద వాటాలో ఉంటుంది. ఆ ఇంటి గోడల్లో ప్రతి ఇటుకా ఆమె తడిపిందే. ఆమె నోరు మేడ మీదికి వినిపిస్తుంది కాని మోకాళ్ళు మేడ ఎక్కనివ్వవు. అయినా ఆశ చావక, డాబా మీద కుండీల్లో పొట్టి బీన్సు మొక్కలు పెట్టించింది. వాటికి నీళ్ళు పోసేదీ, కాయలు కోసి కిందికి తెచ్చిచ్చేదీ కనకలక్ష్మే. తన పాదు దగ్గర పని కాగానే అదే తడి చీరతో, అదే చేత్తో బీన్సు కూడా కోసేది. లచ్చమ్మ ఆ కాయలు చేటలో పోసుకుని, కూతురు కోసిచ్చినా గింత ఆనందం కాదు అనుకునేది. పైకి మాత్రం, "ముదిరినయి సుత తెచ్చినవేంది బిడ్డా" అని ఒక మాట అనకుండా పుచ్చుకునేది కాదు.

మార్గశిరం చలి బాగా ముదిరిన రోజుల్లో పాదు అడుగు ఆకుల మీద పసుపు చుక్కలు కనిపించాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు బుడిపెలు. పైన కొన్ని ఆకుల మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి పొడి. ఎదురింటివాళ్ళు మొన్ననే, ఎంత కాపు కాసిందో అని నోరు తెరిచారు కదా, వాళ్ళ కళ్ళే అనుకుంది కనకలక్ష్మి. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేసింది. మర్నాడు పసుపునీళ్ళు చిలకరించింది. ఆ పైన పుల్లమజ్జిగ, ఆ పైన బూడిద. వరహాలబాబు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"కనకం, నాకు జొరం వొచ్చినప్పుడు ఇన్ని సేవలు చెయ్యలేదు నువ్వు."

"మీకు జొరం వొస్తే మాత్రేస్తే పోతాది. దీనికి ఏటెయ్యాలో తెలీడం లేదు కదండీ."

మచ్చలు తగ్గలేదు. రాలిన ఆకులు ఎరువవుతాయని డ్రమ్ములోనే పాదు మొదట్లో పోగేసింది. వారం తిరిగేసరికి లచ్చమ్మ బీన్సు మీద కూడా అవే చుక్కలు. కిందికి తెచ్చిచ్చిన కాయల్లో ఓ ఆకు వచ్చింది. లచ్చమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది కనకం, నీ తీగె మీదున్న రోగం నా బీన్సుకు సుత అంటింది. తీసి పారెయ్ రాదు దాన్ని? ఎన్ని దినాలు పరేషాన్ అయితవ్?"

"తీసెయ్యమనకండి పిన్నిగారూ. అది మా అమ్మ విత్తనం. దానికి మళ్ళీ దిక్కు లేదు."

"విత్తనమేంది, అంగట్ల లేవా" అనబోయి, కనకలక్ష్మి మొహం చూసి లచ్చమ్మ ఊరుకుంది. ఊరుకుంది కాని మరిచిపోలేదు.

ఆ రోజు లాండ్రీలో ఎవరిదో తెల్ల చొక్కా వచ్చింది. జేబు దగ్గర గోధుమరంగు మరక. బయట ఆరేసిన ఇనప తీగ తుప్పు అది. కనకలక్ష్మి అలవాటుగా చొక్కా వెలుతురుకి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈ రంగు పొద్దున్నే చూసింది, ఆకు అడుగున. ఇన్నాళ్ళుగా పసుపు, మజ్జిగ, బూడిద అంటూ పోస్తోందే తప్ప, ఆ మచ్చ పేరేమిటని ఒక్కసారైనా అడిగిందా? ఊరందరికీ చెప్పే పాఠం తన డాబా మీద ఏమైపోయింది? తన మీద తనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం ఇంటికి రాగానే చీర కూడా మార్చకుండా డాబా ఎక్కింది. తెల్ల చేతిరుమాలు తీసి ఆకు అడుగున రుద్దింది. రుమాలుకి తుప్పు రంగు పొడి అంటింది. తెల్ల మచ్చ మీద రుద్దితే పిండిలా ఊడి వచ్చింది, కింద ఆకు పచ్చగానే ఉంది. ఇంకో ఆకు ముసలిదై పండింది, రుద్దితే ఏమీ రాలేదు. మూడూ మూడు వేర్వేరు సంగతులు. అన్నిటికీ కలిపి ఒకటే దిష్టి తీసింది తను. మూడు రకాల ఆకులూ వేర్వేరు కాగితాల్లో చుట్టుకుని, ఆదివారం సైనిక్‌పురిలో మొక్కలు అమ్మే ఐజాక్ దగ్గరికి వెళ్ళింది.

ఐజాక్ కళ్ళజోడు సర్దుకుని ఆకులు చూశాడు.

"ఇది తుప్పు తెగులక్కా. తెల్లగున్నది బూడిద తెగులు. రెండూ బూజు జాతే. పండుటాకుకు ఏం రోగం లేదు, దాని టైమొచ్చింది. ఇవి దిష్టి తీస్తే పోవు."

"దిష్టి సంగతి నీకెవరు చెప్పినారు?"

"ఆకు పట్టుకొచ్చే ప్రతోళ్ళు ముందు గదే చేసి వస్తరు. సరే గాని, రాలిన ఆకులేం చేస్తున్నవ్?"

"డ్రమ్ములోనే వేస్తున్నాను. ఎరువవుతాది కదా అని."

ఐజాక్ ఆకు కింద పెట్టేశాడు. "అంటే రోగాన్నే ఎరువేస్తున్నవక్కా. ఆ పొడి గాలికి లేస్తది, నీళ్ళకు చిందుతది, మళ్ళ ఆకుకే అంటుతది. ముందు అవన్నీ తీసి కవర్ల కట్టి చెత్తబండికియ్యి. నీళ్ళు మొదట్లనే పోయి, ఆకు తడవొద్దు. నీళ్ళల్ల కలిసే గంధకం ఇస్త, ఎండ ముదరకముందు ఆకు అడుగున తగిలేటట్టు కొట్టు. కొట్టినంక వారం దాక కాయ తెంపకు. తర్వాత సుత మంచిగ కడిగి వండుకో." కాసేపాగి మళ్ళీ అన్నాడు. "నా మాటింటే ఇంత తక్లీఫ్ ఎందుకు? పాదు పీకెయ్. మంచి విత్తనం పేకెట్ ఇస్త, ఊరికే తీస్కో."

"పేకెట్ వొద్దు నాయనా, గంధకమియ్యి" అంది కనకలక్ష్మి.

ఇక చూడాలి ఆమె పట్టు. ఉడుము కూడా ఎప్పుడో ఒకప్పుడు పట్టు సడలిస్తుందేమో, కనకలక్ష్మి సడలించదు. డ్రమ్ములో ఆకులన్నీ గీకి తీసింది. పైమట్టి మార్చింది. గొట్టం పక్కన పడేసి చెంబుతో పాదు మొదట్లోనే నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. గంధకం కలిపి, పందిరి కింద దూరి, మెడ వెనక్కి వంచి, ఆకు అడుగు తడిసేదాకా కొట్టింది. కళ్ళల్లో తుంపర పడి మండితే కడుక్కుని వచ్చి మళ్ళీ కొట్టింది. బూడిద తెగులు త్వరగానే లొంగింది. తెల్లపొడి మాయమైంది. తుప్పు కూడా ఒకటి రెండు వారాలు ఆగినట్టే ఆగింది.

ఆగిందనుకున్నది మళ్ళీ వచ్చింది. అదీ చిగురు ఆకుల మీద. అప్పుడు ఇంకా పట్టుదలగా, రోజూ తెల్లవారుజామున స్నానం చేసి, తడి చీరతోనే డాబా ఎక్కి, మచ్చ కనిపించిన ఆకునల్లా గిల్లేసింది. పాదులో అయ్యాక బీన్సు కుండీల్లో. ఎంత గిల్లితే అంత పెరిగాయి మచ్చలు. రోట్లో నీళ్ళు పోసి దంచినట్టుంది పని. వరహాలబాబుకి జాలేసింది. ఆయన జాలి కూడా వెటకారంగానే బయటికొస్తుంది.

"మా షెడ్డులో ఎర్ర రంగు డబ్బాలున్నాయి, తేనా? పెట్టెలకి తుప్పు పడితే అదే కొడతాం. ఒక పూత వేస్తే మళ్ళీ పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

ఆమె నవ్వలేదు. "అమ్మ పోయినప్పుడు ఆఖరి చూపుకి అందలేదండీ నేను. రైలు ఆలస్యమైపోయింది. ఈ పాదైనా నా చేతుల్లో పోకూడదు" అంది. వరహాలబాబు ఆ తరవాత రంగు డబ్బా మాట ఎత్తలేదు. ముక్కాలిపీట ఒకటి తెచ్చి, పందిరి కింద వేసి, "ఎక్కి పైన కూడా చూడు, నేను పట్టుకుంటాను" అన్నాడు.

ఎక్కి చూసింది. పందిరి పైభాగాన ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. తిప్పి చూసింది, రుమాలుతో రుద్దింది. మచ్చుకైనా ఒక్క చుక్క లేదు. కాయలు కూడా పైనే, గుత్తులుగా. దిగి చూస్తే నడుము నుంచి ఎత్తిన చెయ్యి అందే మేర వరకూ మచ్చలే. చెయ్యి అందిన మేర మచ్చ, అందని మేర పచ్చ. ఇదేమిటో ఆమెకి అంతుపట్టలేదు. తెగులుకి మనిషి ఎత్తు ఎలా తెలుసు? అన్నం తింటూ ఆలోచించింది. బస్సులో ఆలోచించింది.

మర్నాడు లాండ్రీలో పనిచేసే ఒకామె ఆరని ఎర్ర చున్నీ తీసుకెళ్ళి తడి దుప్పట్ల మీద పడేసింది. కనకలక్ష్మి చూసేసరికి దుప్పటి మూల గులాబీ రంగుకి తిరిగింది.

"తడి మీద తడి పెట్టీకండని ఎన్నిసార్లు చెప్పినాను? పొడిగా ఉంటే పక్కపక్కన ఏడాదున్నా అంటదు. తడిగా ఉంటే..."

బల్ల పట్టుకుని నిలబడింది. తడిగా ఉంటే చెయ్యి పెట్టిన చోటల్లా అంటుతుంది. తెల్లవారుజామున పాదు మంచులో తడిసి ఉంటుంది. తను తడి చీరతో, తడి చేతులతో వెళ్తుంది. మచ్చ ఆకు గిల్లిన వేళ్ళతోనే మంచి ఆకు పక్కకి నెడుతుంది. చీర చెంగు అడుగు ఆకులన్నిటికీ రాసుకుంటూ పోతుంది. అక్కడి నుంచి అదే చేత్తో బీన్సు కుండీల్లోకి. గాలి కంటే, నీళ్ళ కంటే నమ్మకంగా, ఒక్కరోజు నాగా లేకుండా, తెగులుని ఆకు ఆకుకీ పంచిపెట్టింది తనే. కంచే చేను మేసింది. పైగా స్నానం చేసి మరీ మేసింది.

అమ్మ చెప్పింది తప్పనడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆలోచిస్తే తప్పూ కాదు. అమ్మ పెరడు తూర్పు వాకిలి. పొద్దు పొడవగానే ఎండ పాదు మీదే పడేది, పొలం గాలి ఆడేది, చిటికెలో తడి ఆరేది. ఇక్కడ ఓ పక్క నీళ్ళ ట్యాంకు, ఇంకో పక్క ఎదురింటివాళ్ళ మూడంతస్తుల గోడ. ఎండ వచ్చేసరికి వీధిలో కూరగాయల బండ్లు కూడా వెళ్ళిపోతాయి. అమ్మ పెరడు లేనిచోట అమ్మ కట్టడి ఒక్కటే మిగిలింది. విత్తనం కావాలా, కట్టడి కావాలా అని తనని తనే నిలదీసుకుంది. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, విత్తనమే కావాలి అనుకుంది.

ఇంటికి రాగానే ముందు కింద తలుపు తట్టింది.

"పిన్నిగారూ, మీ బీన్సుకి రోగం అంటించింది గాలి కాదు. నేనే. తడి చేతుల్తో నా పాదు ముట్టుకుని, మీ మొక్కలు ముట్టుకున్నాను."

లచ్చమ్మ ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. ఆమె అరుస్తుందని సిద్ధపడే వచ్చింది కనకలక్ష్మి. లచ్చమ్మ అరవలేదు, మోకాళ్ళు రెండూ నిమురుకుంది.

"నా మోకాళ్ళు మంచిగుంటె నేనే తెంపుకుందు" అంది. "నీ చేతిల పెట్టిన. సరే. రథసప్తమి దాక సూస్త. ఆ దినం నేనే పైకొచ్చి ఆకు తిప్పి సూస్త. మచ్చ ఉన్నదా, నా చేత్తోనే పీకుత. అప్పుడు నువ్వు ఏడ్చినా ఇన."

"అలగే పిన్నిగారూ. మచ్చుంటే నేనే పీకి మీ చేతికిస్తాను."

ఆ మర్నాటి నుంచి డాబా మీద కొత్త కట్టడి మొదలైంది. ఎండ వచ్చి, మంచు పూర్తిగా ఆరి, ఆకు వేళ్ళకి గరుకుగా తగిలేదాకా ఎవరూ పాదు ముట్టుకోకూడదు. పొడి చీర, పొడి చెయ్యి. పని మీదికి బయల్దేరే ముందు గబగబా చూసుకోవాలి. కత్తెరని లాండ్రీ నుంచి తెచ్చుకున్న స్పిరిట్‌తో తుడిచి, మచ్చ ఉన్నవి కత్తిరించి, కవర్లో వేసి మూతి కట్టాలి. మంచి ఆకులు ముందు, జబ్బు ఆకులు ఆఖరున. బీన్సు దగ్గరికి వెళ్ళేముందు మళ్ళీ చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. గుబురుగా ఉన్న చోట కొమ్మలు పలచన చేసి, తీగలు దూరం దూరంగా కట్టింది. గంధకం మళ్ళీ కొట్టింది. వరహాలబాబు తెల్లవారకముందే డ్యూటీకి పోవాలి కనక ఆయన క్యారేజీలో అప్పటికప్పుడు కోసిన కాయ బదులు నిన్నటి కాయ చేరింది. ఆయన దాన్నే రెండు పూటలా తిన్నాడు.

కోసినకొద్దీ పాదు బోసిపోయింది. ఒక దశలో అడుగున తీగలు తప్ప ఆకు లేదు. పాదు పని అయిపోయిందేమో అని కనకలక్ష్మి రోజూ భయపడింది, రోజూ ఎక్కింది. సంక్రాంతి వెళ్ళాక కణుపుల దగ్గర లేత ఆకులు తొడిగాయి. ప్రతి ఆకూ రుమాలుతో తుడిచి చూసింది. రుమాలు తెల్లగానే ఉంది. రేపు ఎలా ఉంటుందో అని తలుచుకుని ఎవరికీ చెప్పలేదు.

రథసప్తమి ముందు రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చింది. ప్రతి ఏడూ ఆ వీధి ఆడవాళ్ళు తెల్లవారుజామునే జిల్లేడాకులు తలన పెట్టుకుని స్నానాలు చేసి, పాయసం నైవేద్యానికి చిక్కుడాకుల కోసం తిన్నగా ఆమె డాబాకే వస్తారు. అందరివీ తడి చేతులే. ఈసారి అందుకే ముందుగా, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పైభాగాన మంచి ఆకులు కోసి, సూర్యుడికి రథాలు కట్టే కాయలు కోసి, మూత పళ్ళెంలో సర్ది పెట్టింది. విత్తనానికని ఎంచిన గుత్తుల జోలికి పోలేదు.

తెల్లవారుతుండగా ఆడవాళ్ళు వచ్చారు. ఆమె మెట్ల దగ్గరే ఆకులు పంచి పంపేసింది. ఒకరిద్దరు మూతి ముడిచారు. ఆమె పట్టించుకోలేదు. అందరూ వెళ్ళాక, చీకటి ఇంకా విడవకముందు, మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. లచ్చమ్మ. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి. మెట్టుకి ఒకసారి ఆగుతూ ఎక్కి వచ్చింది. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తెల్ల నేత చీర తడిసి ఒంటికి అంటుకుంది.

"మాట ఇచ్చిన కద, వచ్చిన" అంటూ పందిరి వైపు నడిచి చెయ్యి చాపింది.

కనకలక్ష్మి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ముట్టుకోకండి పిన్నిగారూ."

లచ్చమ్మ చెయ్యి గాలిలో ఆగింది. "నా ఇంటి మీద నన్నే ఆపుతున్నవా?"

"మీరని కాదు. మా అమ్మే లేచి వొచ్చినా ఈ పూట ఆపుతాను. మంచు ఆరలేదు. మీ చెయ్యి తడిగా ఉంది. ఆకులు మీకు వేరే ఉంచాను." పళ్ళెం మూత తీసి ముందుకి పట్టుకుంది.

"నిన్నటి ఆకులు దేవునికి పెడుదునా?"

"నిన్న మిట్టమధ్యాహ్నం, ఆ దేవుడు నెత్తి మీద ఉండి చూస్తుండగా కోసినాను పిన్నిగారూ. ఈ చీకట్లో కోసినవి ఆయన చూడను కూడా లేదు."

లచ్చమ్మ పళ్ళెం వైపు చూసింది, పందిరి వైపు చూసింది. పళ్ళెం అందుకోలేదు. వెనక్కి తిరిగింది. దిగిపోతుందేమో అనుకుంది కనకలక్ష్మి. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమో అని కూడా అనుకుంది. అయినా పక్కకి జరగలేదు. లచ్చమ్మ ట్యాంకు గట్టు మీద చతికిలబడి, జుట్టు విప్పి, కొసలు పిండుకుంది.

"జెర తువ్వాల ఇయ్యి. నేను సూడకుండ పోను."

కనకలక్ష్మి తువ్వాలు తెచ్చిచ్చి పక్కన కూచుంది. కింద వీధిలో ఎవరి ఇంట్లోనో పాలు పొంగిన వాసన వచ్చింది. ఎదురింటి గోడ పై అంచు ముందు ఎర్రబడింది, తరవాత పసుపు రంగుకి తిరిగింది. ఎండ ఆ అంచు దాటి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగి, ట్యాంకు మీద పడి, డ్రమ్ము మీద పడి, ఆఖరికి పాదు మీద పడింది. ఆకుల మీది మంచు మెల్లమెల్లగా కనపడకుండా పోయింది. లచ్చమ్మ తన అరచేతులు రెండూ ఎండకి తిప్పి చూసుకుంది, తువ్వాలుకి మరోసారి తుడుచుకుంది, లేచింది.

అడుగు భాగాన, చెయ్యి అందే మేర, ఒక ఆకు పట్టుకుని తిప్పింది. ఎండకి ఆరిన తెల్ల చెంగు వేలికి చుట్టి, ఆకు అడుగున గట్టిగా రుద్దింది. చెంగు ఎండలో పట్టి చూసింది. ఇంకో ఆకు. ఇంకో ఆకు. బీన్సు కుండీల దగ్గరికి పోయి అక్కడా రుద్దింది. చెంగు తెల్లగానే ఉంది.

"ఉండనీ" అంది లచ్చమ్మ. పళ్ళెంలోంచి నిన్నటి ఆకులు తీసుకుని, కళ్ళకద్దుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక ఆగింది. "పాయసం తిననీకి రా. బియ్యం ఎక్కువే పోసిన."

కనకలక్ష్మి అక్కడే డ్రమ్ము పక్కన కూలబడి ఏడ్చింది. ఈసారి తుడుచుకోవాలనిపించలేదు.

మార్చి ఎండలకి గుత్తుల్లో కాయలు పాదు మీదే గలగలా ఎండాయి. ఒక్కోటీ ఒలిచి చూసింది. ముడత లేని, మచ్చ లేని గింజలు, నల్లగా, తెల్ల గీతతో. మచ్చ పడ్డ కాయలోవి ఒక్కటి కూడా కలపలేదు. ఎండబెట్టి, వేపాకు వేసి, సీసాలో పోసి మూత బిగించింది. పిడికెడు గింజలు మాత్రం విడిగా తీసుకుని కిందికి వెళ్ళింది.

లచ్చమ్మ వాకిట్లో గిన్నెలు కడుగుతోంది.

"పిన్నిగారూ, విత్తనం ఒక్కచోటే ఉంటే భయం. మీ దగ్గర కూడా ఉంచండి."

లచ్చమ్మ గిన్నె పక్కన పెట్టింది. చెయ్యి చాపబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. చెంగుతో అరచెయ్యి తుడుచుకుంది. వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. అప్పుడు చాపింది.